డిస్క్ అరిగితే వెన్నుపూసకేమవుతుంది?

ఎమ్మారైలో డిస్క్‌లు, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలు, బాగా అరిగాయని వస్తుంది. అదే మనిషికి డెక్సా స్కాన్ తీస్తే నడుము ఎముక సాంద్రత నార్మల్ అంటుంది. అరుగుదల ఉన్నా ఎముక గట్టిగానే ఉందని సంతోషిస్తాం. చాలాసార్లు ఆ అంకె పెరగడానికి కారణం అరుగుదలే.

డిస్క్‌కీ ఎముకకీ ఉన్న ఈ లంకె కొత్తగా తెలిసింది కాదు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో పాథాలజిస్టు గియోర్గ్ ష్మోర్ల్ 1920లలోనే శవపరీక్షల్లో వేలాది వెన్నెముకలను కోసి చూశాడు. డిస్క్ గుజ్జు ఎండ్‌ప్లేటును (డిస్క్‌కీ పూసకీ మధ్య ఉండే పలుచని పొర) చీల్చుకుని వెన్నుపూసలోకి దిగిన గుంటలను వర్ణించాడు. ఇప్పటికీ వాటిని ష్మోర్ల్ నోడ్స్ అనే అంటారు. అయితే 1934లో అమెరికాలో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు డిస్క్ జారి నరాన్ని నొక్కుతుందని చూపించాక సర్జన్ల దృష్టంతా నరం మీదికి మళ్లింది. ఎముక సంగతి చాలాకాలం వెనకబడింది.

పెద్దవారిలో డిస్క్ లోపలికి రక్తనాళాలు వెళ్లవు. దానికి పోషణ ఎక్కువగా ఒక మిల్లీమీటరు అటూ ఇటూ మందముండే ఎండ్‌ప్లేటు గుండా ఊరుతుంది. అది పగిలినా గట్టిపడినా గుజ్జులో నీరు, ఒత్తిడి తగ్గుతాయి. ఆ మార్పు మళ్లీ ఎముకకు తగులుతుంది. 1988లో మైకేల్ మోడిక్ బృందం దీన్ని ఎమ్మారైలో వర్గీకరించింది. టైప్ 1 అంటే ఎముక మజ్జలో వాపు, టైప్ 2 అంటే కొవ్వు చేరడం, టైప్ 3 అంటే ఎముక గట్టిపడటం. నొప్పితో ఎక్కువ ముడిపడింది టైప్ 1. దీనికి యాంటీబయాటిక్స్ పనిచేస్తాయని 2013లో డెన్మార్క్ పరిశోధకులు ప్రకటించగానే పెద్ద ఆశ పుట్టింది. కానీ 2019లో నార్వేలో 180 మందికి మూడు నెలలు అమాక్సిసిలిన్ లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చితే, చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు.

అసలు ముడి విప్పింది మాత్రం ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 2004 నాటి ప్రయోగాలని చెప్పాలి. మృతదేహాల నుంచి తీసిన వెన్నెముక ముక్కలను నిటారు భంగిమలో ఉంచి బరువు పెట్టారు. డిస్క్ బాగున్నప్పుడు వెన్నుపూస వెనక కమాను (వెన్నుపామును చుట్టి ఉండే ఎముక భాగం) మోసింది సుమారు 8 శాతమే. డిస్క్ బాగా అరిగిన చోట అది 40 శాతానికి చేరింది. పూస ముందు సగం మోసే వాటా 44 శాతం నుంచి 19కి పడిపోయింది. బరువు పడని ఎముక పలచబడుతుందని జర్మన్ సర్జన్ వోల్ఫ్ 1892లోనే చెప్పాడు. అలా ముందుభాగం గుల్లబారుతుంది. తీరా వంగి నీళ్ల బిందె ఎత్తేసరికి బరువంతా అక్కడికే వస్తుంది. పూస ముందువైపు నలిగి, ముందు పొట్టిగా వెనక ఎత్తుగా కుంగిపోతుంది.

డెక్సా ముందు నుంచి వెనక్కి మొత్తం ఎముకను ఒకే నీడగా కొలుస్తుంది. కాబట్టి గట్టిపడిన ఎండ్‌ప్లేట్లు, పక్కన పెరిగిన ఎముక ముళ్లు కలిసి ముందుభాగం బోలుతనాన్ని కప్పేస్తాయి. నల్గొండ, ప్రకాశం వంటి ఫ్లోరోసిస్ ప్రాంతాలవారిలో ఇంకా జాగ్రత్త కావాలి. అక్కడ ఫ్లోరైడ్ వల్లే ఎముక దట్టంగా కనిపిస్తుంది, దట్టమైనంత మాత్రాన బలమైనది కాదు.

అందుకే నడుములోని ఎల్1 నుంచి ఎల్4 వరకూ ఒక్కో పూస టీ-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువత ఎముక సాంద్రతతో పోల్చి చెప్పే అంకె) విడిగా చూడాలి. పక్కపూసతో 1.0కి మించి తేడా ఉన్నదాన్ని లెక్కలోంచి తీసేయాలి. కనీసం రెండు పూసలు మిగలకపోతే తుంటి కొలత, అదీ కుదరకపోతే ముంజేతి కొలత తీసుకోవాలి. ఎత్తు తగ్గినట్టున్నా, వీపు వంగుతున్నా పక్క నుంచి ఎక్స్‌రే తీయించాలి. పూస ఎత్తు 20 శాతమో అంతకు మించో కుంగి ఉంటే, డెక్సా ఏమన్నా, దాన్ని ఫ్రాక్చర్‌గానే చూడాలి.