జాడీల మైదానం: నేలలో మిగిలిపోయిన బాంబుల కథ

లావోస్ ఈశాన్యంలోని షియెంగ్ ఖువాంగ్ ప్రావిన్సులో బడికి కొత్త గది కట్టాలన్నా, ఊరికి మంచినీటి గొట్టం వేయాలన్నా, బీడు భూమిని వరి మడిగా మార్చాలన్నా, కొలతలు తీసేవారి కంటే ముందు మెటల్ డిటెక్టర్లు పట్టుకున్నవారు రావాలి. ఆ నేల మీద ఆఖరి బాంబు పడి యాభై ఏళ్లు దాటింది. అయినా పునాది తవ్వే ముందు నేలను జల్లెడ పట్టవలసిన అగత్యం ఇంకా తీరలేదు. దీనికి పడిన బాంబుల సంఖ్య ఒక కారణమైతే, ఆ యుద్ధాన్ని చాలాకాలం అధికారికంగా ఒప్పుకోకపోవడం మరో కారణం. ఈ రెండో కారణం గురించి చెప్పేవారు తక్కువ.

1962 జులైలో జెనీవాలో కుదిరిన ఒప్పందం లావోస్‌ను తటస్థ దేశంగా ప్రకటించింది. విదేశీ సైన్యాలన్నీ వెళ్లిపోవాలని అందులో రాసుకున్నారు. ఉత్తర వియత్నాం దళాలు పూర్తిగా వెళ్లలేదు. దక్షిణ వియత్నాంకు మనుషులను, ఆయుధాలను చేరవేసే హో చి మిన్ బాట లావోస్ తూర్పు అంచునే సాగింది. అమెరికా కూడా బహిరంగంగా సైన్యాన్ని దించకుండా, తన గూఢచారి సంస్థ సీఐఏ ద్వారా, లావో సేనాని వాంగ్ పావ్ నాయకత్వంలో ప్రధానంగా కొండజాతి హ్మాంగ్ యోధులతో కూడిన సైన్యాన్ని పోషించి, పథేట్ లావో కమ్యూనిస్టులపై యుద్ధం నడిపింది. ఒప్పందాన్ని రెండు పక్షాలూ ఉల్లంఘిస్తున్నందున, జరుగుతున్నది బయటికి చెప్పడం ఏ పక్షానికీ అనుకూలం కాలేదు. రహస్య యుద్ధమన్న పేరు అలా వచ్చింది. బాంబుల కింద ఉన్నవారికి మాత్రం అందులో రహస్యమేమీ లేదు.

1964 నుంచి 1973 వరకు అమెరికా విమానాలు లావోస్‌పై సుమారు 5,80,000 దాడి యాత్రలు చేశాయి. అంటే తొమ్మిదేళ్ల పాటు రాత్రింబవళ్లు ప్రతి ఎనిమిది నిమిషాలకు ఒక విమానం బాంబులు కుమ్మరించి వెళ్లినట్టు లెక్క. అప్పటి జనాభా 30 లక్షలకు మించని ఆ దేశంపై 20 లక్షల టన్నులకు పైగా బాంబులు పడ్డాయి. దక్షిణాన దాడుల లక్ష్యం హో చి మిన్ బాట కాగా, ఉత్తరాన పథేట్ లావో పట్టులో ఉన్న జాడీల మైదానం (షియెంగ్ ఖువాంగ్‌లో పురాతన రాతి జాడీలు ఉన్న మైదానం), దాని చుట్టుపక్కల ఊళ్లు లక్ష్యమయ్యాయి. 1968 నవంబరులో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఉత్తర వియత్నాంపై బాంబు దాడులు ఆపించాక, అక్కడ పని లేకుండా పోయిన విమానాలు లావోస్ వైపు మళ్లాయి. ఒకచోట తగ్గిన యుద్ధం మరోచోట పెరిగింది. ఆ నెల 24న షియెంగ్ ఖువాంగ్‌లోని మువాంగ్ ఖామ్ సమీపంలో ఉన్న థామ్ పియూ గుహలో తలదాచుకున్న జనంపై రాకెట్ పడి 374 మంది చనిపోయారని లావో ప్రభుత్వం చెబుతుంది.

షియెంగ్ ఖువాంగ్‌కు పాత రాజధాని ఇప్పుడు మువాంగ్ ఖూన్ అని పిలిచే పట్టణం. ఒకప్పుడు ఫువాన్ రాజుల పీఠమైన ఆ పట్టణం యుద్ధంలో దాదాపు నేలమట్టమైంది. వాట్ పియా వాట్ ఆలయానికి కప్పు పోయి గోడలు కూలినా, మాడిన బుద్ధ విగ్రహం ఇటుక స్తంభాల నడుమ నేటికీ ఆరుబయటే కూర్చుని ఉంది. యుద్ధం ముగిశాక ప్రభుత్వం పాత పట్టణాన్ని తిరిగి కట్టకుండా, ఫోన్‌సవాన్‌లో కొత్త రాజధాని నిర్మించుకుంది. కూలిన ఊరిని వదిలి పక్కన మరో ఊరు కట్టుకోవచ్చు. పొలాలను అలా వదులుకోవడం కుదరదు.

పొలాల్లో మిగిలినవి ఎక్కువగా క్లస్టర్ బాంబుల తాలూకు చిన్న గుండ్లు. గాలిలో విచ్చుకునే ఒక్కో పెద్ద పెట్టెలో ఆరువందలకు పైగా గుండ్లుండేవి. వీటిలో బాగా కనిపించే రకం పిడికిలిలో ఇమిడే బంతిలా ఉంటుంది. లోహపు పెంకులో వందల ఉక్కు గుళ్లు పొదిగి ఉంటాయి. లావో జనం వీటిని బాంబీలంటారు. గిరగిర తిరుగుతూ పడుతున్నప్పుడు లోపలి యంత్రం సిద్ధమై, నేలను తాకగానే పేలేలా వీటిని తయారుచేశారు. కానీ మెత్తటి బురదలో దిగినవి, చెట్ల కొమ్మలకు తగిలి జారినవి చాలావరకు పేలలేదు. లావోస్‌పై జారవిడిచిన బాంబీలు 27 కోట్లకు పైగా ఉంటాయని, వాటిలో 30 శాతం వరకు, అంటే సుమారు 8 కోట్లు, పేలకుండా మిగిలాయని అంచనా. మందుపాతరను ఎవరో ఒకచోట ఎంచి పాతుతారు కనుక పాతిన చోటుకు పటం ఉండే అవకాశముంది. ఆకాశం నుంచి చల్లినదానికి అలాంటి పటం ఉండదు.

గోప్యత వల్ల కలిగిన నష్టం ఇక్కడ కనిపిస్తుంది. 1969 అక్టోబరులో అమెరికా సెనేటర్ సైమింగ్టన్ ఉపసంఘం లావోస్ వ్యవహారంపై రహస్యంగా విచారణ జరిపింది. 1970 మార్చి 6న అధ్యక్షుడు నిక్సన్ లావోస్‌లో అమెరికా పాత్ర గురించి బహిరంగంగా ప్రకటన చేశారు. అప్పటికి బాంబులు పడడం మొదలై ఆరేళ్లు. 1970 ఆరంభంలో జాడీల మైదానం నుంచి దేశ రాజధాని వియంటియాన్ పరిసరాలకు తరలించిన వేలాది రైతులు, 1973 కాల్పుల విరమణ తర్వాత, 1975లో పథేట్ లావో అధికారం చేపట్టాక, సొంత ఊళ్లకు మళ్లారు. బాంబులు వేసిన దేశానికీ కొత్త ప్రభుత్వానికీ సత్సంబంధాలు లేవు. నేలలో ఏముందో, ఎలా తొలగించాలో చెప్పగల వ్యవస్థ లేదు. సేద్యం ఆపితే తిండి లేదు. తవ్వకాల్లో పార ఎత్తి వేసే దెబ్బే బాంబీని పేల్చేస్తుండడంతో, అమెరికాకే చెందిన మెనోనైట్, క్వేకర్ క్రైస్తవ శాఖల సేవా సంస్థలు రైతులకు షవల్‌లు పంచాయి. కాలితో మెల్లగా అదిమి దించే పనిముట్టు కొంత తక్కువ ప్రమాదమని. ఇరవై ఏళ్ల పాటు అక్కడి రైతుకు అందిన రక్షణ ఇంచుమించు ఇంతే.

ఈలోగా జనం ఆ ఇనుమునే బతుకులో కలుపుకున్నారు. పెద్ద బాంబుల డొల్లలు ఇళ్ల స్తంభాలయ్యాయి, కంచెలయ్యాయి. బాంబు గుంతలు చేపల చెరువులయ్యాయి. నాపియా గ్రామంలో విమాన శకలాల అల్యూమినియం కరిగించి చెంచాలు పోశారు. తర్వాత పాత ఇనుముకు గిరాకీ పెరిగేసరికి, చవక డిటెక్టర్లతో అడవుల్లో తుక్కు వెతకడం పేదలకు ఉపాధి అయింది, ప్రమాదాలకు దారి కూడా అయింది. బంతి అనుకుని ఆడుకున్న పిల్లలు, తెలియక బాంబీ పైనే చలిమంట వేసినవారు బలయ్యారు. 1964 నుంచి 2008 వరకు మరణించినవారు, గాయపడినవారు కలిసి సుమారు 50,000 మందని జాతీయ సర్వే తేల్చింది. వారిలో 20,000 మంది వరకు యుద్ధం ముగిశాక బలైనవారే.

పద్ధతిగా ఏరివేత మొదలైంది 1994లో, బ్రిటన్‌కు చెందిన, పేలని బాంబులు ఏరివేసే మాగ్ సంస్థ షియెంగ్ ఖువాంగ్‌కు వచ్చినప్పుడు. 1996లో ప్రభుత్వం ఇదే పనికి యూఎక్స్ఓ లావో సంస్థను స్థాపించింది (యూఎక్స్ఓ అంటే పేలని ఆయుధాలు). పని విధానం చాలా నెమ్మది. నేలను గళ్లుగా విభజించి తాళ్లు కడతారు. డిటెక్టర్ మోగిన ప్రతిచోటా మట్టిని కొద్దికొద్దిగా తీస్తారు. మోగిన చోట్లలో చాలావరకు మేకో, రేకు ముక్కో, బాంబు పెంకో దొరుకుతుంది. బాంబీ కనిపిస్తే కదపకుండా, చుట్టూ ఊరిని ఖాళీ చేయించి, ఉన్నచోటే పేల్చేస్తారు. తొలినాళ్లలో ఎవరు అడిగిన భూమిని వారికి శుభ్రం చేసిచ్చారు. అందువల్ల ఏమీ లేని నేల మీద కూడా నెలలు గడిచేవి. గత దశాబ్దం నుంచి ముందు సర్వే చేసి, బాంబీలున్నట్టు రుజువైన ప్రాంతాలనే ఏరివేతకు ఎంచుతున్నారు. ఇది పదేళ్ల ముందే జరగవలసిన మార్పు. జాడీల మైదానాన్ని 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించినా, అక్కడి రాతి జాడీల మధ్య నడిచే సందర్శకులు నేలలో పొదిగిన గుర్తుల తెల్లవైపే ఉండాలి. ఎర్రవైపు పూర్తిగా వెతకని నేల.

క్లస్టర్ బాంబులను నిషేధించే ఒప్పందంపై 2008 డిసెంబరులో ఓస్లోలో సంతకాలయ్యాయి. 2010 ఆగస్టు 1న అది అమల్లోకి వచ్చాక, సభ్యదేశాల తొలి సమావేశం వియంటియాన్‌లోనే జరిగింది. అమెరికా అందులో చేరలేదు. ఒప్పందం ప్రకారం సభ్యదేశం పదేళ్లలో తన నేలను శుభ్రం చేసుకోవాలి. లావోస్ విషయంలో ఆ గడువు ఎంత అవాస్తవమో సంతకం చేసిన నాడే తెలుసు. గడువును ముందు 2025కు పొడిగించారు. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు 17 కాగా, లావోస్ 2016లో తనకంటూ పద్దెనిమిదవ లక్ష్యాన్ని చేర్చుకుంది: పేలని బాంబుల నుంచి ప్రాణాలకు రక్షణ.

అదే ఏడాది సెప్టెంబరులో వియంటియాన్ వచ్చిన ఒబామా, పదవిలో ఉండగా లావోస్‌లో అడుగుపెట్టిన తొలి అమెరికా అధ్యక్షుడు. మూడేళ్లలో 9 కోట్ల డాలర్లు ఏరివేతకు ఇస్తామని ప్రకటించారు. 2000ల దశకంలో ఏటా 300 వరకు ఉన్న బాధితుల సంఖ్య తర్వాతి దశాబ్దంలో పదుల్లోకి తగ్గింది. అయితే ఆ సొమ్ము ఏటేటా మరో దేశపు రాజకీయ నిర్ణయంపై ఆధారపడేదే. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపివేసినప్పుడు, లావోస్‌లో ఏరివేత బృందాలు కూడా పని ఆపి, గళ్లకు కట్టిన తాళ్లు వదిలి ఇళ్లకు వెళ్లవలసి వచ్చింది.