ఆనెకు వేరు లేదు: హామర్ టో, పెడిక్యూర్‌పై అపోహలు - వాస్తవాలు

"ఈసారి వేరుతో సహా తీసేయండి" అన్న మాట పెడిక్యూర్ కుర్చీలో కూర్చున్నవారి నోట విన్నన్నిసార్లు నేను మరే మాటా విని ఉండను. అడిగినవారి పాదం చూస్తే తరచుగా రెండో వేలు మధ్య కణుపు దగ్గర పైకి లేచి, కొన కిందికి వంగి ఉంటుంది. ఇలా వంగిన వేలినే హామర్ టో అంటారు. ఆనె సరిగ్గా ఆ కణుపు మీదే ఉంటుంది.

ఆనెకు వేరు లేదు. లేచిన కణుపు రోజంతా షూ పైభాగానికి రాసుకుంటుంటే, ఆ ఒత్తిడికి చర్మం గట్టిపడి లోపలికి మొనదేలుతుంది. ఆ మొననే జనం వేరంటారు. వేలి వంపూ, షూ ఇరుకూ అలాగే ఉన్నంతకాలం బ్లేడుతో ఎంత లోతుగా చెక్కినా ఆనె మళ్లీ వస్తుంది. పైగా అక్కడ చర్మం కిందే కీలు ఉంటుంది కనుక, గాయం చీము పడితే ఇన్ఫెక్షన్ ఎముకదాకా పోగలదు. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి తెగిన సంగతే తెలియకపోవచ్చు. వారికి మందు పూసిన ఆనె పట్టీలు కూడా వద్దంటాను. వాటిలో ఉండే శాలిసిలిక్ ఆమ్లం మంచి చర్మాన్నీ తినేస్తుంది.

ఒక పెద్దావిడ "నొప్పి ఓర్చుకుంటానమ్మా, లోతుగా తీయి" అన్నారు. నేను బ్లేడు ముట్టకుండా ఆవిడ షూ అడిగి తీసుకుని చూపించాను. కణుపు తగిలేచోట లైనింగ్ చొక్కా గుండీ అంత మేర అరిగి, పోగులు తేలి ఉంది. ఆవిడ దాన్ని వేలితో తడిమి, "ఇన్నాళ్లూ కాలిని తిట్టుకున్నాను" అన్నారు. గోరువెచ్చని నీటిలో కాసేపు నానబెట్టి, పైపొరను ఫైల్‌తో మెల్లగా పలచబరిచి, ముందుభాగం వెడల్పుగా, ఎత్తుగా ఉన్న షూ కొనుక్కోమని పంపాను.

మసాజ్‌తో వేలు సాపవుతుందన్నది వట్టి పుకారు. చేత్తో లేపితే సాగే వేలికి వ్యాయామం, ప్యాడ్ కొంత ఉపశమనం ఇస్తాయి. బిగుసుకుపోయిన వేలిని ఎవరు లాగబోయినా లాగనివ్వకండి, దాన్ని డాక్టరుకు చూపించండి. హామర్ టో ఉంటే పెడిక్యూరే కూడదన్నదీ నిజం కాదు. కొన నేలకు ఒత్తుకునే వేలి గోరు మందమైతే అది ప్రతిసారీ ఫంగస్ కాదు.

వంకర వేళ్లు చూపడానికి సిగ్గుపడి, కొత్త చెప్పులు వేసుకుని వచ్చేవారు చాలామంది. దయచేసి రోజూ తొడుక్కునేవాటితోనే రండి. నేను ముందు చూసేది వాటినే.