మెడ మీద గడ్డ, చెవి పక్కన రంధ్రం: అపోహలు - వాస్తవాలు

పిల్లల ఈఎన్‌టీ ఓపీకి కొందరు తల్లిదండ్రులు లావుపాటి ప్లాస్టిక్ కవరుతో వస్తారు. అందులో మూడు నాలుగు ఆసుపత్రుల చీటీలు, పాత స్కానులు, సగం వాడిన యాంటీబయాటిక్ సీసా ఉంటాయి. పిల్లాడి మెడ మీద ఒకటో రెండో కోత మచ్చలుంటాయి. కవరు చూడగానే నాకు సగం కథ అర్థమైపోతుంది. పైకి కనిపించేదానికి వైద్యం జరిగింది, లోపలి దారిని ఎవరూ వెతకలేదు.

అపోహ: గడ్డ కోసి చీము తీసేస్తే పోతుంది

మెడకు సరిగ్గా మధ్యలో, గడ్డం కింద ఉండే గడ్డ సంగతి ముందు చెప్తాను. థైరాయిడ్ గ్రంథి పుట్టేది మెడలో కాదు, నాలుక మొదట్లో. తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడే అది అక్కడి నుంచి మెడలోకి దిగుతుంది. దిగిన దారి తర్వాత మూసుకుపోవాలి. ఎక్కడో కొంచెం మిగిలిపోతే అందులో నీరు ఊరి గడ్డ కడుతుంది. దీన్ని థైరోగ్లోసల్ సిస్ట్ అంటాం. జలుబు చేసినప్పుడల్లా ఉబ్బుతుంది, ఒక్కోసారి చీము పడుతుంది.

దీన్ని గుర్తుపట్టడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. "నాలుక బయటపెట్టు నాన్నా" అని గడ్డ మీద వేలుంచుతాను. నాలుకతో పాటు గడ్డ కూడా వేలి కింద పైకి జరిగిందా, దాదాపు అదే. ఆ దారి హయాయిడ్ అనే చిన్న ఎముకకు అతుక్కుని వెళ్తుంది. అందుకే గడ్డను మాత్రమే తీస్తే సుమారు సగం మందిలో మళ్ళీ వస్తుంది. సిస్ట్రంక్ అనే సర్జన్ 1920లో చెప్పిన పద్ధతినే ఇప్పటికీ చేస్తున్నాం: గడ్డ, హయాయిడ్ మధ్య ముక్క, నాలుక మొదలు దాకా ఉన్న దారి, మూడూ కలిపి తీసేయడం. "ఎముక తీస్తే మాట పడిపోదా సార్?" అని అడగని అమ్మ లేదు. పడిపోదు. పిల్లలు సాధారణంగా మర్నాటికే ఇడ్లీ తింటారు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఆపరేషన్‌కు ముందు మెడకు అల్ట్రాసౌండ్ చేయించి, థైరాయిడ్ దాని చోట ఉందో లేదో చూడాలి. అరుదుగా కొందరు పిల్లల్లో గడ్డగా కనిపించేదే ఉన్న ఒక్క థైరాయిడ్. చూసుకోకుండా తీసేస్తే ఆ పిల్ల జీవితాంతం మాత్ర మింగాల్సిందే.

అపోహ: సూదిమొనంత రంధ్రమేగా, కుట్టేస్తే సరి

మెడ పక్కన, కిందివైపు చిన్న రంధ్రం, చొక్కా కాలర్ తడిసేలా జిగురు నీరు. పిండానికి నాలుగైదు వారాల వయసులో మెడ దగ్గర చిన్న చిన్న మడతలు ఏర్పడతాయి. వాటిని బ్రాంకియల్ ఆర్చెస్ అంటాం. వాటి మధ్య సందులు పూర్తిగా పూడకపోతే ఈ రంధ్రాలు మిగులుతాయి. పైకి సూదిమొన, లోపల మెదడుకు వెళ్ళే రక్తనాళాల చీలిక మధ్య నుంచి టాన్సిల్ దాకా పోయే గొట్టం. పైన కుట్టేస్తే ఊరే నీటికి దారి లేక లోపలే చీము పడుతుంది.

దవడ మూల దగ్గర, చెవి కింద వచ్చేవి ఇంకా అరుదు. వాటిని ఆనుకునే ముఖ నరం ఉంటుంది. అనుభవం లేని చేతిలో కత్తి పడితే పిల్లాడి నవ్వు వంకరవుతుంది.

చెవి ముందు, పైభాగంలో చిన్న గుంట ఉన్న పిల్లలు మాత్రం చాలామందే. చీము పట్టనంత కాలం దాన్ని ముట్టుకోవద్దు, గిల్లవద్దు. ఆపరేషన్ కూడా వద్దు. చెవి గుంటతో పాటు మెడ మీదా రంధ్రాలుంటే వినికిడి పరీక్ష, కిడ్నీల స్కాన్ చేయిస్తాను. మెడ, చెవి, కిడ్నీ లోపాలు మూడూ కలిసి వచ్చే జన్యు సమస్య ఒకటుంది.

అపోహ: మాటిమాటికీ గడ్డ వస్తోందంటే కంఠమాలే (మెడ టీబీయే)

మన దేశంలో మెడ గడ్డకు టీబీని అనుమానించడం తప్పు కాదు. పరీక్ష లేకుండా ఆరు నెలల మందులు మొదలుపెట్టడం తప్పు. ఒక ఎనిమిదేళ్ళ పాపకు ఎడమవైపు, ఎప్పుడూ అదే చోట చీముగడ్డ. మూడు కోతలు, ఒక టీబీ కోర్సు అయ్యాక మా దగ్గరకొచ్చింది. పదే పదే ఎడమవైపే, థైరాయిడ్ దగ్గరే చీము పడుతుంటే గొంతు లోపల పైరిఫార్మ్ సైనస్ అనే మూల నుంచి పుట్టుకతో దారి ఉందేమో చూడాలి. వాపు తగ్గాక బేరియం మింగించి ఎక్స్‌రే తీశాం. తెల్లటి దారం లాంటి గీత కిందికి దిగుతూ కనిపించింది. మత్తు ఇచ్చి, నోటి గుండా టెలిస్కోపు పెట్టి ఆ రంధ్రాన్ని కాల్చి మూసేశాం. మెడ మీద నాలుగో కోత పడలేదు.

అపోహ: గ్రహణం నాడు తల్లి బయటికొచ్చింది, అందుకే

పెదవి, అంగిలి చీలి పుట్టే లోపానికి మనం పేరే "గ్రహణం మొర్రి" అని పెట్టేసుకున్నాం. ఇక తల్లికి వాదించే అవకాశమెక్కడిది? పెదవి కలిసేది పిండానికి ఆరేడు వారాల్లో, అంగిలి పన్నెండో వారానికి. పెదవి కలిసే నాటికి నెల తప్పిందని అప్పుడప్పుడే తెలుస్తుంటుంది. చెవి సరిగా ఏర్పడకపోవడం కూడా ఆ తొలి వారాల ముచ్చటే. చాలా కేసుల్లో ఫలానా కారణమని వేలు పెట్టి చూపలేం. కొన్నింట్లో జన్యువులు, కొన్నింట్లో అదుపులో లేని షుగరు, కొన్నింట్లో మందులు: మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్. ఈ రెండోదాన్ని అమ్మాయిలు స్నేహితురాలి చీటీ చూపించి కొనుక్కుంటున్నారు. నాకు గ్రహణం కంటే దాని భయమే ఎక్కువ.

అపోహ: చెవి లేదు కాబట్టి వినపడదు, పెద్దయ్యాక చూద్దాం

బయటి చెవి, చెవి రంధ్రం లేకపోయినా లోపలి చెవి చాలామందిలో బాగానే ఉంటుంది. పక్కటెముక మృదులాస్థితో చెవి కట్టడం ఆరేళ్ళు దాటాకే, అది ఆగుతుంది. మాటలు నేర్చే వయసు ఆగదు. పుట్టిన తొలి నెలల్లోనే వినికిడిని కొలిచే బెరా పరీక్ష రెండు చెవులకూ చేయించండి, బాగున్నట్టు కనిపించే చెవికి కూడా. రెండు వైపులా మూసుకుపోయి ఉంటే, తలకు బ్యాండులా కట్టే ఎముక ద్వారా వినిపించే పరికరాన్ని పసితనంలోనే పెట్టొచ్చు.

అపోహ: పసిబిడ్డ ముక్కు మూసుకుంటే నూనె చుక్క వేసి ఊదాలి

దయచేసి వద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పుట్టిన బిడ్డ పాలు తాగేటప్పుడు నీలం పడి, ఏడవగానే ఎర్రబడితే ముక్కు వెనక భాగం రెండు వైపులా మూసుకుపోయి ఉండొచ్చు. పసివాళ్ళు ముఖ్యంగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు, ఏడ్చినప్పుడే నోటితో గాలి అందుతుంది. మేం ముక్కు కింద చల్లని స్టీలు రేకు పెట్టి ఆవిరి పడుతుందా అని చూస్తాం, సన్నని గొట్టం లోపలికి పోతుందా అని చూస్తాం. ఇది గంటల్లో తేలాల్సిన విషయం, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

మిగతావాటికి అంత తొందరేమీ లేదు. అంగన్‌వాడీకి, బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందానికి చూపించినా సరైన చోటికి పంపుతారు. ఒక్క పని చేయండి: గడ్డ ఉబ్బిన రోజున ఫోన్లో ఫొటో తీసి ఉంచండి, నాలుక బయటపెట్టించి ఇంకోటి. మా దగ్గరికి వచ్చే రోజుకు వాపు ఎప్పుడూ తగ్గిపోయే ఉంటుంది. ఆ ప్లాస్టిక్ కవరు కూడా పారేయకుండా తీసుకురండి.