బోల్టును ఎంత బిగించాలి?

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. పాత మారుతి 800 ఇంజినును విప్పి తిరిగి కట్టడం నేర్చుకుంటున్నామనీ, విప్పిన భాగాలన్నీ కడిగి వరుసగా పేర్చుకున్నామనీ, అయితే సిలిండర్ హెడ్ (సిలిండర్ల పైన మూతలా కూర్చునే భాగం) బోల్టులను ఎంత గట్టిగా బిగించాలన్నది మాత్రం ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతున్నారనీ రాశారు. "చేతికే తెలుస్తుంది" అన్న సమాధానం మీకు తృప్తినివ్వలేదని చదివి నాకు ఎంతో సంతోషం కలిగింది. అది తృప్తినివ్వవలసిన సమాధానం కాదు. ఎందుకు కాదో ఈ ఉత్తరంలో వివరంగా రాస్తాను. కారణం తెలుసుకుంటే మారుతి ఇంజినుకే కాక, రేపు మీ చేతికి వచ్చే ఏ ఇంజినుకైనా అదే ఆలోచన పనికివస్తుంది.

ముందుగా బోల్టు చేసే పని ఏమిటో చూడండి. రెండు భాగాలు పక్కకు జరగకుండా మధ్యలో దిగగొట్టిన మేకుగా బోల్టును చాలామంది భావిస్తారు. నిజానికి బోల్టు చాలా గట్టి స్ప్రింగు. మనం బిగిస్తున్నకొద్దీ దాని కాడ పొడవుగా సాగుతుంది. సాగిన ఉక్కు తిరిగి తన పొడవుకు రావాలని లాగుతుంది కనుకనే హెడ్డూ, దాని కింద సిలిండర్లు ఉండే బ్లాకూ ఒకదానికొకటి నొక్కుకుని ఉంటాయి. 10 మిల్లీమీటర్ల మందం కలిగి, 100 మిల్లీమీటర్ల మేర పట్టు ఉన్న 8.8 తరగతి (ఉక్కు బలాన్ని తెలిపే అంకె ఇది) బోల్టును సరిగ్గా బిగిస్తే అది సాగేది మిల్లీమీటరులో అయిదో వంతుకు మించదు. ఆ కొద్దిపాటి సాగుదల నుంచే సుమారు రెండున్నర టన్నుల నొక్కుడు బలం పుడుతుంది. మనకు కావలసింది ఆ లాగుడు. షెడ్డులో దానిని నేరుగా కొలిచే సాధనం మన దగ్గర ఉండదు కనుక, బోల్టు తలను తిప్పడానికి ఎంత ప్రయత్నం పట్టిందో కొలిచి, లోపల లాగుడు ఎంత ఉంటుందో ఊహిస్తాం. టార్క్ అన్నది ఆ తిప్పే ప్రయత్నానికి కొలత మాత్రమే. ఈ తేడాను మనసులో పెట్టుకుంటే మిగిలినదంతా దానంతట అదే అర్థమవుతుంది.

టార్క్ లెక్క మీరు పాఠాల్లో చదువుకున్నదే. బలాన్ని దూరంతో గుణిస్తే వస్తుంది. 30 సెంటీమీటర్ల పిడి చివర 20 కిలోల బలంతో, పిడికి లంబంగా లాగితే బోల్టు మీద 6 కిలోగ్రాం మీటర్ల టార్క్ పడుతుంది. న్యూటన్ మీటర్లలో చెప్పాలంటే అది దాదాపు 59. ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. పాత సర్వీస్ మాన్యువల్స్‌లో కిలోగ్రాం మీటర్లు ఉంటాయి, కొత్తవాటిలో న్యూటన్ మీటర్లు ఉంటాయి, బజారులో దొరికే చాలా టార్క్ రించ్‌ల (టార్క్‌ను కొలుస్తూ బిగించే పానాల) మీద న్యూటన్ మీటర్లతో పాటు అడుగు పౌండ్ల గీతలు కూడా ఉంటాయి. 60 న్యూటన్ మీటర్లు అవసరమైన చోట పొరపాటున 60 అడుగు పౌండ్లకు పెట్టి బిగిస్తే బోల్టు మీద 81 న్యూటన్ మీటర్లు పడతాయి. మూడో వంతుకు మించిన ఆ అదనపు భారాన్ని మోయవలసింది పాపం ఆ బోల్టే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను, దీనిని నిదానంగా చదవండి. మీరు పెట్టిన తిప్పుడు బలమంతా బోల్టును సాగదీయడానికి పోదు. నూటికి సుమారు 50 పాళ్లు బోల్టు తల కింది భాగం వాషరు మీదో హెడ్ మీదో రాసుకునే ఘర్షణకే ఖర్చవుతాయి. మరో 40 పాళ్లు మరల మధ్య ఘర్షణకు పోతాయి. చివరికి సాగదీయడానికి మిగిలేది 10 పాళ్లు మాత్రమే. ఇవి స్థూలమైన అంకెలే అయినా వాటిలోని పాఠం చాలా పెద్దది. మరలకు కాస్త నూనె తగిలి ఘర్షణ వాటా 90 నుంచి 85కు తగ్గిందనుకోండి, సాగదీసే వాటా 10 నుంచి 15కు పెరుగుతుంది. అంటే రించ్ మీద అంకె మారకుండానే బోల్టు మీద లాగుడు ఒకటిన్నర రెట్లవుతుంది. దీనికి విరుద్ధంగా మరల్లో తుప్పు, పాత గ్యాస్కెట్ (హెడ్డుకూ బ్లాకుకూ మధ్య వేసే పలుచని పలక) ముక్కలు, ఎండిన మసి ఉంటే తిప్పుడంతా వాటితోనే సరిపోతుంది. రించ్ సరైన అంకె చూపిస్తుంది, చేతికి కూడా ఎంతో గట్టిగా బిగిసినట్టు తోస్తుంది, కానీ లోపల బోల్టు సాగవలసినంత సాగి ఉండదు. చేతికి తెలిసేది ఘర్షణతో కలిసిన మొత్తమే కనుక, ఎంత అనుభవజ్ఞుడి చెయ్యి అయినా ఆ రెంటినీ విడదీసి చెప్పలేదు.

కాబట్టి బిగించే పని రించ్ పట్టుకున్నప్పుడు కాదు, శుభ్రం చేసేటప్పుడే మొదలవుతుంది. బోల్టు మరలను తీగ బ్రష్‌తో రుద్ది, కిరోసిన్‌తో కడిగి, ఆరనివ్వండి. బ్లాకులోని రంధ్రాల మరలను అదే కొలత ట్యాప్‌తో (మరలు కోసే పనిముట్టు), లోహం కోయకుండా మురికి మాత్రమే వచ్చేలా, చేత్తో నెమ్మదిగా తిప్పి శుభ్రం చేయండి. అడుగు మూసుకుని ఉన్న రంధ్రాల్లో నూనెగానీ కూలంట్‌గానీ నిలిచి ఉంటే గాలితో ఊది పూర్తిగా ఖాళీ చేయాలి. ద్రవం నొక్కితే నలగదు. పై నుంచి బోల్టు దిగుతుంటే దానికి పోవడానికి చోటు లేక బ్లాకు గోడనే పగలగొట్టగలదు. ఊదేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోవడం మరవకండి. ఆ తరువాత మరలకు, బోల్టు తల కింద నూనె రాయాలా, పొడిగా ఉంచాలా అన్నది మాన్యువల్ ఏం చెబితే అదే చేయాలి. నూనె రాసి బిగించమని ఇచ్చిన అంకె వేరు, పొడిగా బిగించమని ఇచ్చిన అంకె వేరు.

హెడ్ బోల్టులకు అంత పట్టు ఎందుకు కావాలో ఒక్క లెక్కతో చూడవచ్చు. మారుతి 800 ఇంజినులో మూడు సిలిండర్లు, ఒక్కో సిలిండరు వ్యాసం 68.5 మిల్లీమీటర్లు, అంటే పిస్టను పైన ఉండే వైశాల్యం సుమారు 37 చదరపు సెంటీమీటర్లు. పెట్రోలు మండినప్పుడు లోపల పీడనం 50 బార్ దాకా లేచిందనుకుంటే హెడ్‌ను పైకి తోసే బలం దాదాపు 1,900 కిలోలు. ఇంజిను నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండరులో సెకనుకు 25 సార్లు ఆ తోపు వస్తుంది. అన్నిసార్లూ హెడ్ గ్యాస్కెట్ మీద నొక్కుడు తగ్గకుండా ఉండాలి. తగ్గిన చోట మంటవాయువు దారి చేసుకుంటుంది, గ్యాస్కెట్ అంచు కాలుతుంది, కూలంట్ ఆయిల్‌లో కలిసి ఆయిల్ తెల్లగా నురగ కడుతుంది, ఇంజిను వేడెక్కి హెడ్ వంగుతుంది. డీజిల్ ఇంజినులో మంట పీడనం ఇంతకు మూడు రెట్లు కూడా ఉండవచ్చు.

బిగించే వరుసకు కూడా అంతే ప్రాముఖ్యం ఉంది. మృదంగాన్ని శ్రుతి చేసే విద్వాంసుడు ఒక్క పక్కనే కొడుతూ కూర్చోడు, అంచు చుట్టూ తిప్పుతూ, ఎదురెదురు చోట్ల కొంచెం కొంచెంగా సరిచేసుకుంటూ వస్తాడు. హెడ్ బోల్టులకూ అదే పద్ధతి. మధ్యలో ఉన్న వాటితో మొదలుపెట్టి, అటూ ఇటూ మారుస్తూ, చివరలకు చేరాలి. ముందే చివరలు బిగిస్తే మధ్యలో గ్యాస్కెట్ ఉబ్బి, ఆ ఉబ్బు ఎటూ పోలేక అక్కడే చిక్కుకుంటుంది. పైగా ఒకే విడతలో పూర్తి అంకెకు వెళ్లకూడదు. మాన్యువల్ చెప్పినట్టు రెండు మూడు విడతలుగా, ఒక్కో విడతలో అన్ని బోల్టులనూ వరుసగా ముగించి, అప్పుడే తరువాతి అంకెకు పోవాలి. విప్పేటప్పుడు వరుస తలకిందులవుతుంది, చివరల నుంచి మధ్యకు రావాలి. ఈ పని ఇంజిను చల్లగా ఉన్నప్పుడే చేయాలి, ఎందుకంటే అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. వేడి హెడ్ ఉక్కు బోల్టులను ముందే లాగి ఉంచుతుంది కనుక అప్పుడు కొలిచిన టార్క్‌కు అర్థం ఉండదు.

తక్కువ బిగిస్తే బోల్టు వదులవుతుందని అందరికీ తెలుసు. కానీ తక్కువ బిగించిన బోల్టే ముందుగా విరుగుతుందన్న సంగతి చాలామందికి వింతగా తోస్తుంది. పిస్టన్‌ను కిందనున్న క్రాంక్ షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బోల్టులను చూడండి. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజినులో, ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర పైకి దూసుకుపోతున్న పిస్టన్‌ను ఆపి కిందికి మళ్లించే లాగుడు ఆ రెండు చిన్న బోల్టుల వైపు సెకనుకు 50 సార్లు వస్తుంది, గంటలో అది 1,80,000 సార్లు. బోల్టు ముందే ఆ లాగుడు కంటే ఎక్కువ బలంతో సాగి ఉంటే రాడ్డూ, దాని కింది చివరను మూసే క్యాపూ విడిపోవు. బయటి నుంచి వచ్చిన భారంలో ఎక్కువ భాగం ఆ రెండు భాగాల మధ్య నొక్కుడు తగ్గడంలోనే సర్దుకుపోతుంది, బోల్టు లోపల భారం పెద్దగా మారదు. బిగింపు తక్కువైతే క్యాపు ప్రతిసారీ వెంట్రుకవాసి విడిపోతుంది, లాగుడంతా బోల్టు మీదే పడి వెంటనే తగ్గుతుంది. ఉక్కు స్థిరమైన పెద్ద భారాన్ని ఏళ్ల తరబడి మోస్తుంది గానీ, ఇలా ఎక్కుతూ దిగుతూ ఉండే భారానికి అలసిపోతుంది. మర మొదట్లో చిన్న పగులు పుట్టి, పెరిగి, ఒకనాడు బోల్టు తెగి, రాడ్డు బ్లాకును చీల్చుకుని బయటికి వస్తుంది. అలాంటి బ్లాకును చూసినవారు కొందరు "బోల్టు నాసిరకం" అంటారు. చాలాసార్లు బోల్టు మంచిదే, బిగింపే చాలలేదు.

అతిగా బిగించడం వల్ల కలిగే నష్టం వేరు రకం. స్థితిస్థాపక అవధి దాటిన బోల్టు తిరిగి తన పొడవుకు రాదు, కాడ ఒకచోట సన్నబడుతుంది, లేదా అల్యూమినియంలోని మర ఊడి బోల్టుతో పాటు చుట్టలుగా బయటికి వస్తుంది. చిన్న బోల్టుల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. బోల్టు తల మీద 8.8 అని ఉన్న 6 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్లు చాలు. 30 సెంటీమీటర్ల పిడితో అయితే చివర మూడున్నర కిలోల బలం కూడా అక్కర్లేదు. హెడ్ బోల్టులు బిగించిన చేత్తోనే, అదే పెద్ద పిడితో క్యామ్ షాఫ్ట్ క్యాపుల చిన్న బోల్టులు పట్టుకుంటే తెగిపోక ఏమవుతాయి? వాటికి చిన్న రించ్ వేరుగా ఉండాలి. తల మీది అంకెల సంగతి కూడా గుర్తుంచుకోండి. 8.8, 10.9, 12.9 అంటూ అంకె పెరిగేకొద్దీ ఉక్కు బలం పెరుగుతుంది. పోయిన బోల్టు స్థానంలో కొలత సరిపోయిందని తక్కువ తరగతి బోల్టు వేయకండి.

కొత్త ఇంజినుల్లో చాలావాటికి మాన్యువల్ ఒక టార్క్ చెప్పి, ఆపైన 90 డిగ్రీలు, మళ్లీ 90 డిగ్రీలు తిప్పమంటుంది. ఘర్షణ వల్ల కలిగే అనిశ్చితిని తప్పించుకోవడానికే ఈ ఏర్పాటు. ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరం 1.5 మిల్లీమీటర్లుంటే పావు చుట్టుకు బోల్టు దిగేది 0.375 మిల్లీమీటర్లు, నూనె ఉన్నా లేకున్నా అది మారదు. ఈ పద్ధతిలో బోల్టును కావాలనే స్థితిస్థాపక అవధి దాకా, కొన్నిటిని దానికి కొంచెం అవతలికి తీసుకువెళతారు. అందుకే అలాంటి బోల్టులు చాలావరకు ఒక్కసారికే పనికివస్తాయి. మళ్లీ కొత్తవి కొనడం దుబారా అని ఎవరన్నా వినకండి.

ఇక రించ్ గురించి. న్యూయార్క్ నగర నీటి సరఫరా శాఖలో పనిచేసిన కాన్రాడ్ బార్ 1918లో టార్క్ రించ్‌ను రూపొందించాడని చెబుతారు. భూమి లోపలి పైపుల బోల్టులను పనివారు అతిగా బిగించకుండా చూడడం ఆయన ఉద్దేశం. మీరు వాడేది టక్కుమని చప్పుడు చేసే రకం. పిడి మధ్యలో చెయ్యి వేసి, కుదుపు లేకుండా నెమ్మదిగా లాగండి, చప్పుడు రాగానే ఆపండి. నమ్మకం కోసం రెండోసారి, మూడోసారి టక్కుమనిపించడం వల్ల బోల్టు ఇంకొంచెం తిరుగుతుంది, అది వద్దు. అంకెకు కాస్త ముందు ఆగిపోయిన బోల్టును మళ్లీ కదిలించాలంటే నిలిచి ఉన్న ఘర్షణ అడ్డుపడి ముందే చప్పుడు వస్తుంది. అలాంటప్పుడు కొంచెం వదులు చేసి, ఒకే లాగుడులో అంకెకు తీసుకురండి. రించ్‌తో బోల్టులు విప్పకండి. పని అయ్యాక దాని స్ప్రింగును కనిష్ఠ అంకెకు తగ్గించి పెట్టెలో పెట్టండి. మంచి రించ్‌లు కూడా నూటికి 4 పాళ్ల తేడా చూపవచ్చు, కనుక ఏడాదికి ఒకసారి, లేదా 5,000 బిగింపులకు ఒకసారి పరీక్ష చేయించాలి. రించ్ ముందు వంకర అడాప్టరు తిన్నగా తగిలిస్తే పొడవు పెరిగి అంకె మారుతుంది. 400 మిల్లీమీటర్ల రించ్‌కు 50 మిల్లీమీటర్ల అడాప్టరు కలిపినప్పుడు 90 న్యూటన్ మీటర్లు కావాలంటే రించ్‌ను 80కే పెట్టాలి.

మన ఆటోనగర్లలో గాలి గన్‌తో నట్లు బిగించడం మీరు చూసి ఉంటారు. విప్పడానికి అది మేలైన సాధనమే. ఇంజిను లోపలి బోల్టుల దగ్గరికి మాత్రం దానిని రానివ్వకండి. అక్కడి పెద్ద మేస్త్రీల చేతి నేర్పు మీద నాకు నిజమైన గౌరవం ఉంది. చప్పుడు విని బేరింగు పోయిందని చెప్పగలిగిన చెవులు వారివి, ఆ విద్య వారి దగ్గర వినయంగా నేర్చుకోండి. బిగింపు అంకెను మాత్రం మాన్యువల్ దగ్గరే నేర్చుకోండి.

మీ కారు ఏ సంవత్సరపు మోడలో, దాని ఇంజిను నంబరు ఏమిటో చూసుకుని, దానికి చెందిన సర్వీస్ మాన్యువల్‌నే సంపాదించండి. హెడ్, మెయిన్ బేరింగ్, కనెక్టింగ్ రాడ్, ఫ్లైవీల్, స్పార్క్ ప్లగ్, ఆయిల్ డ్రెయిన్ ప్లగ్ అంకెలను విడతలతో సహా పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఒకరు చదవాలి, ఒకరు బిగించాలి, చివరి విడత ముగిసిన ప్రతి బోల్టు తల మీదా రంగు చుక్క పెట్టాలి. హెడ్ కూర్చోబెట్టే ముందు ఆ కాగితం నకలును, మీ రించ్ మీద ఉన్న కొలమానం ఏదో రాసి నాకు పంపండి. రెండూ సరిచూసి వెంటనే జవాబు రాస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య