కష్టానికి పేటెంట్ ఇవ్వరు: రీసెర్చ్ పేటెంట్లపై అపోహలు - వాస్తవాలు

పేటెంట్ ఏజెంటుగా నేను చదివే డ్రాఫ్టుల్లో ఎక్కువ భాగం కాలేజీలు, యూనివర్సిటీల నుంచి వచ్చేవే. వాటిలో చాలావాటికి "ఇది ఫైల్ చేయకండి" అని చెప్పాల్సి వస్తుంది. ఏళ్ల తరబడి ల్యాబ్‌లో కష్టపడిన విద్యార్థికి ఆ మాట చెప్పడం బాధే. కానీ అందరూ రోజూ వాడే పద్ధతిని ఒకరి సొత్తుగా రాసిస్తే, రేపు ఇంకో ల్యాబ్‌లోని విద్యార్థికి ఇబ్బంది. అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: ఇంతకుముందు ఎవరూ చేయలేదు కాబట్టి పేటెంట్ వస్తుంది.

వాస్తవం: కొత్తదనం మొదటి మెట్టు మాత్రమే. మన 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 2(1)(జేఏ) ప్రకారం, ఆ రంగంలో పనిచేసే నిపుణుడికి అది తేలిగ్గా తట్టేదై ఉండకూడదు. దీన్నే ఇన్వెంటివ్ స్టెప్ అంటారు. చాలా డ్రాఫ్టులు ఆగిపోయేది ఇక్కడే.

మన కెమిస్ట్రీ, బయోటెక్ విభాగాల్లో తరచూ కనిపించే పని ఒకటి చూద్దాం. ఆకుల్ని నీళ్లలో మరిగించి వడగడతారు. ఆ సారాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కలుపుతారు. కాసేపటికి ద్రావణం పసుపు రంగుకు తిరిగి, మెల్లగా గోధుమ రంగులోకి వస్తుంది. ద్రావణం ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెడితే 420 నానోమీటర్ల చుట్టుపక్కల పీక్ కనిపిస్తుంది. వెండి నానోకణాలు తయారైనట్టే. వేప, తులసి, మునగ ఆకులతో ఈ పని చేసిన పేపర్లు ఇప్పటికే ఉన్నాయి. ఇప్పుడు మీరు ఎవరూ ముట్టని ఇంకో ఆకుతో చేశారనుకోండి. ఆ ఆకుతో ఇదే మొదటిసారి కావచ్చు. కానీ ఆకుల్లోని ఫినాల్ పదార్థాలు వెండి అయాన్లను క్షయకరణం చేస్తాయని తెలిసిన ఎవరైనా సరే, ఈ ఆకుతోనూ అవుతుందనే అనుకుంటారు. అనుకున్నదే జరిగితే అందులో ఇన్వెంటివ్ స్టెప్ ఎక్కడుంది? పైగా సెక్షన్ 3(డి) కూడా అడ్డొస్తుంది. తెలిసిన ప్రక్రియను ఊరికే వాడుకోవడం ఆవిష్కరణ కాదు. దానివల్ల కొత్త ఉత్పత్తి రావాలి, లేదా కనీసం ఒక కొత్త రియాక్టెంట్ ఉండాలి. మా ఆకే కొత్త రియాక్టెంట్ అని వాదించి ఆ సెక్షన్ దాటినా, ఇన్వెంటివ్ స్టెప్ ప్రశ్న అలాగే ఉంటుంది.

అదే, మిగతా ఆకులతో చేసిన కణాలు ఉప్పునీటిలో గడ్డకడుతుంటే మీవి మాత్రం నెలల తరబడి అలాగే నిలిచాయా? రెండింటినీ ఒకే పరిస్థితుల్లో పక్కపక్కన పెట్టి తీసిన డేటా ఉందా? ఉంటే డ్రాఫ్ట్ రాయడానికి నేను రెడీ.

మన సుప్రీంకోర్టు 1978లోనే దీన్ని తేల్చింది. బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో, గిన్నెలకు మెరుగు పట్టేటప్పుడు వాటిని లేత్ మీద బిగించి పట్టుకునే పద్ధతి మీద గొడవ. అది వర్క్‌షాపులో చేసుకునే చిన్న మెరుగుదలే తప్ప ఆవిష్కరణ కాదని కోర్టు ఆ పేటెంట్‌ను నిలవనివ్వలేదు.

అపోహ: చదవగానే "ఓస్, ఇంతేనా" అనిపిస్తే అది పేటెంట్‌కు పనికిరాదు.

వాస్తవం: జవాబు తెలిశాక ఏదైనా తేలిగ్గానే కనిపిస్తుంది. చూడాల్సింది దరఖాస్తు పెట్టిన తేదీకి ముందు నిపుణుడికి ఏం తెలుసన్నదే. ఇది ఎంత చిక్కు ప్రశ్నో అమెరికాలోని మూలకణాల వివాదం చూపిస్తుంది. ఎలుక పిండం నుంచి మూలకణాలను 1981లోనే వేరుచేశారు. మనిషి పిండం నుంచి వేరుచేసింది 1998లో, విస్కాన్సిన్ యూనివర్సిటీలో జేమ్స్ థామ్సన్ బృందం. ఆ పేటెంట్లు యూనివర్సిటీ తరఫున పనిచేసే వార్ఫ్ అనే ఫౌండేషన్ చేతికి వెళ్లాయి. ఎలుకకు వాడిన పద్ధతే మనిషికీ వాడారు, పిండాలూ నిధులూ ఉంటే ఇంకొకరూ చేసేవారే అని జీన్ లోరింగ్ లాంటి శాస్త్రవేత్తలు వాదించారు. అంత తేలికైతే పదిహేడేళ్లు ఎవరూ ఎందుకు చేయలేకపోయారన్నది అవతలి ప్రశ్న. 2006లో సవాలు చేస్తే, 2007లో పేటెంట్ ఆఫీసు మొదట తిరస్కరించి, 2008లో మళ్లీ నిలబెట్టింది. 2014లో అప్పీల్ కోర్టు దాకా వెళ్లింది గానీ, సవాలు చేసిన సంస్థకు అక్కడ కేసు నడిపే అర్హత లేదని కొట్టేశారు. అసలు ప్రశ్నలోకి కోర్టు వెళ్లనేలేదు. నా మటుకు నాకు లోరింగ్ వాదనే బలంగా అనిపిస్తుంది. కానీ ఆ పదిహేడేళ్ల విరామాన్ని తేలిగ్గా తీసిపారేయలేను.

అపోహ: పేటెంట్ పబ్లిష్ అయింది, ఇక మాదే.

వాస్తవం: పబ్లిష్ కావడం అంటే దరఖాస్తును బయటపెట్టడమే. మామూలుగా 18 నెలలకు అవుతుంది; ఫామ్ 9 పెడితే ఇంకా ముందే. పరీక్ష, అభ్యంతరాలు, గ్రాంట్ (అంటే పేటెంట్ మంజూరు) అన్నీ ఆ తర్వాతే. కాలేజీలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగులో పబ్లిష్ అయినవాటినీ లెక్కేయడం వల్ల కాలేజీలు అక్కడితో ఆగిపోతున్నాయి. ఫ్యాకల్టీకి టార్గెట్లు పెట్టి మరీ ఫైల్ చేయించడం మానాలి. అది పరిశోధన కాదు.

అపోహ: మన ఇళ్లలో అందరికీ తెలిసిందే, దానికి ఎవరూ పేటెంట్ తెచ్చుకోలేరు.

వాస్తవం: తెచ్చుకున్నారు. గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతికి 1995లో మిసిసిపి యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కు అమెరికా పేటెంట్ ఇచ్చింది. మనది ఎప్పటినుంచో ఉన్న అలవాటు అని చెబితే సరిపోలేదు, రాతలో చూపించాలి. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ సంస్కృత గ్రంథాలు, పాత జర్నల్ వ్యాసాలతో కలిపి 32 ఆధారాలు ముందుపెట్టింది. 1997లో పేటెంట్ రద్దయింది.

అపోహ: రీసెర్చ్ కోసమే కాబట్టి పేటెంట్ ఉన్న పద్ధతినైనా ఎక్కడైనా వాడుకోవచ్చు.

వాస్తవం: మన దేశంలో సెక్షన్ 47 కింద ప్రయోగాలకు, పరిశోధనకు, పాఠాలు చెప్పడానికి వాడుకోవచ్చు. అమెరికాలో అలా కాదు. 2002లో మేడీ వర్సెస్ డ్యూక్ యూనివర్సిటీ కేసులో, పరిశోధన చేయడమే యూనివర్సిటీ వ్యాపకం కాబట్టి ఆ మినహాయింపు దాదాపు వర్తించదని అప్పీల్ కోర్టు చెప్పింది. అక్కడ పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ చేస్తున్న మన పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి.

అపోహ: అనర్హమైన పేటెంట్‌ను ఆపడం పెద్ద కంపెనీలకే సాధ్యం.

వాస్తవం: గ్రాంట్‌కు ముందు సెక్షన్ 25(1) కింద ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. గ్రాంట్ ప్రకటించాక ఏడాది లోపు సెక్షన్ 25(2) కింద సంబంధం ఉన్నవాళ్లు పెట్టొచ్చు. దానికి కావాల్సిన కాగితాలు చాలాసార్లు ప్రొఫెసర్ల దగ్గరే దొరుకుతాయి: లైబ్రరీలో అందరికీ అందుబాటులో ఉన్న పాత థీసిస్, సెమినార్ ప్రొసీడింగ్స్, ల్యాబ్ మాన్యువల్. మీ రంగంలో అలాంటి దరఖాస్తు కంటపడితే దాని నంబరు, మీ దగ్గరున్న కాగితం, అది బయటికొచ్చిన తేదీ ఒకచోట పెట్టుకోండి. ఆ తేదీ దరఖాస్తు కన్నా ముందుదని రుజువు కాకపోతే మిగతా వాదన ఏదీ నిలబడదు.