డచ్ సమాసాల అతుకులు చెవికే తెలుస్తాయి

డచ్ భాషలో సమాసాన్ని నడుమ ఖాళీ వదలకుండా ఒకే మాటగా రాస్తారు. పని చేసే శక్తి కోల్పోయినవారికి అక్కరకు వచ్చే బీమాను 'ఆర్బైత్స్‌ఒన్‌ఖెస్ఖిక్త్‌హైత్స్‌ఫెర్‌జేకెరింగ్' అంటారు. కాగితం మీద ఇది 33 రోమన్ అక్షరాల వరుస, నోటితో పలికితే 10 సిలబుల్స్. ఏ మాట ఎక్కడ ముగిసిందో కంటికి ఆనవాలు ఉండదు, కానీ పలికేవారి నోరు ప్రతి అతుకునూ గుర్తుపెట్టుకుంటుంది.

సాయంత్రాన్ని 'ఆవొంత్' అంటారు. రాతలో చివర ఉన్నది 'ద' ధ్వనికి వాడే అక్షరమే అయినా, డచ్‌లో పదాంతాన ఆ సరళం నిలవదు కనుక పరుషమై 'త'గా వినిపిస్తుంది. బహువచన ప్రత్యయం చేరినప్పుడు ఆ హల్లు తరువాతి సిలబుల్‌లోకి జరిగి, 'ఆ-వొన్-దెన్' అని మళ్లీ సరళమవుతుంది. భోజనమనే అర్థమున్న 'ఏతెన్' చేరినప్పుడు కూడా ఎదుట ఉన్నది అచ్చే, అయినా నిదానంగా పలికితే 'ఆ-వొంత్-ఏ-తెన్' అనే వినిపిస్తుంది. ప్రత్యయం మాటలో కలిసిపోయింది, రెండో పదం మాత్రం తన గడప దాటలేదు. పంక్తి చివర ఈ సమాసాన్ని విరిచేటప్పుడు అచ్చులోనూ ఈ అతుకునే పాటిస్తారు. తెలుగు సరళాదేశ సంధిలో పరుషమే సరళమవుతుందని, 'రామాలయం'లో అతుకే కరిగిపోతుందని తెలిసిన మనకు ఈ ఎదురు నడక ప్రత్యేకంగా తోస్తుంది.

విరుపు ఒకటే అయినచోట ఊనిక, అంటే ఒక సిలబుల్‌ను నొక్కి పలకడం, పని చేస్తుంది. మసాజ్ చేసే మంచానికీ, జనమంతా కలిసి చేసే ప్రార్థనకూ డచ్‌లో రాత ఒక్కటే: అవే 10 అక్షరాలు, అవే 4 సిలబుల్స్. సమాసంలో ప్రధానమైన ఊనిక సాధారణంగా మొదటి పదానిది, అదీ ఆ పదం విడిగా ఉన్నప్పుడు ఊని పలికే చోటనే. అందువల్ల మంచమైతే 'మ-సా-జె-బెత్' అని రెండో సిలబుల్‌ను, ప్రార్థనైతే 'మ-సా-ఖె-బెత్' అని మొదటిదాన్ని ఊని పలుకుతారు. మూడో సిలబుల్‌లోని హల్లు కూడా మారుతుంది, కానీ ఊనిక ముందుగానే వస్తుంది కనుక ఆ హల్లు వినబడేలోపే అర్థం తేలిపోతుంది.

ఈ సూత్రానికి లొంగని మాటలు నిత్యవ్యవహారంలోనే ఉన్నాయి. నగర పాలక భవనమైన 'స్తత్‌హౌస్'లోనూ, 'బూరెన్‌కోల్' అనే ఆకుకూర పేరులోనూ ఊనిక చివరి పదం మీదే పడుతుంది. వీటిని విని నేర్చుకోవలసిందే. రాతలో తికమక కలిగే చోట మాత్రం రెండు పదాల నడుమ అడ్డగీత పెట్టుకోవడానికి డచ్ వర్ణక్రమ నియమాలు అనుమతిస్తాయి.