పుట్ట కింద పంట

పుట్టగొడుగు అన్న మాటలో పుట్ట ఎందుకుందో నాకు టెక్కలి దగ్గర అమ్మమ్మ వాళ్ల జీడితోటలో తెలిసింది. నాలుగు మంచి వానలు పడ్డాక చెదల పుట్ట పక్కన నేల చీల్చుకుని పుట్టకొక్కులు లేచేవి. ఒకదాన్ని పట్టుకుని మెల్లగా లాగితే కాడ ఎంతకీ తెగలేదు. వేరులా సన్నబడుతూ మూరెడు లోతుకు దిగిపోయింది. "లాగకురా, పైన తుంచు. కింద దాని ఇల్లుంది" అంది అమ్మమ్మ. ఆ ఇల్లేమిటో చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను.

అది చెదపురుగుల తోట. మన గట్ల మీద పుట్టలు పెట్టే ఒడొంటోటెర్మిస్ చెదలు కట్టెపుల్లలూ ఎండుటాకులూ నమిలి మింగుతాయి గానీ, అందులోని గట్టి పదార్థాన్ని సొంతంగా అరిగించుకోలేవు. వయసులో చిన్నవైన పనిచెదలు ఆ మేతతో పాటు బూజు బీజాలను కూడా తింటాయి. సగం అరిగిన ఆ ముద్దను పుట్ట లోపలి గదుల్లో, మెదడు మడతల్లా ఉండే ఒక మెత్తని గూడు మీద పేరుస్తాయి. దాని మీద టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రం, అంటే ఆ బూజు, పెరుగుతుంది. పైకి లేచే పుట్టకొక్కులు దీనివే. మన రైతు గెత్తం మాగబెట్టినట్టు, అది కట్టెకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను విరగ్గొట్టి మెత్తబరుస్తుంది. గూడు మీద గసగసాల్లాంటి తెల్లటి గుండ్లు తేలతాయి. చిన్న చెదలు తినేది వాటినే. వాటిలోని బీజాలే మళ్లీ కొత్త ముద్దలో కలుస్తాయి. కొన్ని వారాలకు బాగా మాగిన అడుగు భాగాన్ని పెద్ద చెదలు తింటాయి. అంటే గూడు పైన పెరుగుతూ, కింద తరుగుతూ ఉంటుంది.

ఈ సేద్యం దాదాపు 3 కోట్ల ఏళ్ల కిందట ఆఫ్రికాలో ఒకే ఒక్కసారి మొదలై, తర్వాత మన వైపు వచ్చింది. మనిషి వ్యవసాయం వయసు పన్నెండు వేల ఏళ్లకు అటూ ఇటూ. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి దండం పెట్టుకునేటప్పుడు ఆ చేతుల కింద ఇంత పాత పంట ఉందన్న సంగతి నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

ఈ గూళ్లను తొలిసారి రాతలో పెట్టినవాళ్లలో యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ ఒకరు. తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చిన వైద్యుడాయన, జీవులకు శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతిని నిలబెట్టిన లిన్నేయస్ శిష్యుడు. దక్షిణ భారతంలో చెదలను గమనించి 1779లో అచ్చు వేయించాడు. 1785లో మన కాకినాడ జగన్నాయకపురంలో కన్నుమూశాడు.

బూజు తినే పురుగులు పుట్టలోనే ఉండాలని లేదు. ఆనప పాదుకు బూడిద తెగులు పట్టినప్పుడు ఆకు తిప్పి చూడండి. మచ్చల్లేని పసుపు రెక్కల అక్షింతల పురుగు కనిపించవచ్చు. దాని పేరు ఇల్లీస్ సింక్టా. పిల్లపురుగూ పెద్దపురుగూ ఆ తెల్లటి బూడిదనే గీక్కుని తింటాయి, ఆకు జోలికి పోవు. ఆకును జల్లెడ చేసే చుక్కల పెంకుపురుగు వేరు. రెండిటినీ ఒకే గాటన కట్టి మందు కొట్టేస్తే నాకు బాధగా ఉంటుంది. ఇక తడి ఆరని గింజల్లో బూజు పడితే దాన్ని మేయడానికి కంటికి ఆననంత చిన్న నల్లులు (మైట్లు, మంచాల్లో ఉండే నల్లులు కావు) చేరతాయి. వీటికి ఎనిమిది కాళ్లు, పురుగుల కంటే సాలీళ్లకు దగ్గరి చుట్టాలు.

మళ్లీ పుట్ట దగ్గరికి వస్తాను. తొలి వానలకు దీపం చుట్టూ మూగే ఉసిళ్లు కొత్త కాపురం పెట్టడానికి బయల్దేరిన రాణులూ రాజులే. ఒడొంటోటెర్మిస్ ఉసిళ్లు వెంట విత్తనం తీసుకెళ్లవు. కొత్త పుట్టలో పుట్టిన తొలి పనిచెదలు మేత కోసం బయటికొచ్చి, పుట్టకొక్కులు రాల్చిన బీజాలను నేల మీద ఏరుకుని తోట మొదలుపెట్టాలి. పుట్టకొక్కుల్ని మనం షెడ్డుల్లో పెంచలేకపోవడానికి కారణం ఈ బంధమే. విజయనగరం బజారులో ఏడాది పొడవునా దొరికేవి షెడ్డుల్లో పెంచిన వేరే రకాల పుట్టగొడుగులు. (తోటలో ఏరుకునేవాళ్లు తెలిసిన పెద్దలకు చూపించకుండా ఏ కొక్కునూ వండొద్దు.)

చెదలు బతికున్నంత కాలం గూటిలో వేరే బూజును తలెత్తనివ్వవు. అవి పోయాక అదే గూటి నుంచి జైలేరియా అనే మరో శిలీంధ్రం నల్లటి పుల్లల్లా పైకి వస్తుంది. జీడితోటలో ఆ పుట్టను తవ్వి చదును చేసిన మరుసటి వానాకాలం అక్కడ నేను చూసినవి ఆ నల్ల పుల్లలే.